మార్పు రాని కావలి

తామ్రగిరి దుర్గాన్ని చూసినవాళ్ళు రెండు రకాలు. కిందనుంచి చూసి నోరు తెరిచినవాళ్ళు ఒక రకం, పైనుంచి చూసి కళ్ళు మూసుకున్నవాళ్ళు ఇంకో రకం. పొద్దున ఎర్రగా, మధ్యాహ్నం రాగిలా, సాయంత్రం నల్లగా కనిపించే ఆ కొండకు ఏడు చుట్ల ప్రాకారం, ప్రాకారానికి నూటెనిమిది బురుజులు, బురుజు బురుజుకీ గరుడధ్వజం. దక్షిణద్వారం దగ్గర ఎప్పుడూ తిరునాళ్ళే. పూలమ్మేవాళ్ళు, గుర్రాలకు నాడాలు కొట్టేవాళ్ళు, పనీపాటూ లేక కబుర్లు చెప్పుకునేవాళ్ళు అక్కడే కిటకిటలాడుతుంటారు. ఉత్తరద్వారం సంగతి వేరు. దాన్ని గాలివాకిలి అంటారు. నెల రోజులుగా అక్కడ గాలి తప్ప ఇంకెవరూ తిరగడం లేదు.

ఎవరూ తిరగని ఆ గాలివాకిలి ముందు, నోటి నీటిధార ఎండిపోయిన రాతిసింహం పక్కన, సంపంగి ఈటె పట్టుకుని నిలబడింది.

ఆమెకు పదహారో ఏడు. తలమీద భటుల తలపాగా, ఒంటిమీద తోలుకవచం. రెండూ ఆమెవి కావు. కవచం భుజాలు దాటి జారిపోతోంది, తలపాగా కళ్ళమీదికి దిగుతోంది. ఇంకెప్పుడైనా అయితే ఆ వేషం చూసి ఆమే పడీపడీ నవ్వేది. ఇప్పుడు నవ్వే తీరిక లేదు. మధ్యాహ్నపు జేగంట పదిహేను దెబ్బలు మోగగానే ఆమె తండ్రి పేరయ్యను గరుడశిల మీదనుంచి లోయలోకి తోసేస్తారు.

పేరయ్య గాలివాకిలి గడియలవాడు. నీళ్ళతొట్టిలో కొబ్బరిచిప్పలాంటి రాగి కుడుకను తేలేస్తే, అడుగునున్న సన్నటి బెజ్జంలోంచి నీళ్ళు ఎక్కి అది సరిగ్గా ఒక గడియకు మునుగుతుంది. మునిగినప్పుడల్లా జేగంట కొట్టాలి. మొదటి గడియకు ఒక దెబ్బ, రెండోదానికి రెండు. పొద్దుపొడుపు నుంచి పదిహేనోసారి మునిగితే మధ్యాహ్నం. వాళ్ళ వంశంలో ఏడు తరాలుగా చేస్తున్న పని అదే. వాళ్ళకున్న ఒకే ఒక కట్టుబాటు, తేలుతున్న కుడుకను ముట్టుకోకూడదు. ముట్టుకున్న చేతిని నరికేస్తారు.

నెల కిందట, ముసురు పట్టి సూర్యుడు కనిపించని ఒక రోజున, పేరయ్య మధ్యాహ్నపు గంట ఒక గడియ ముందు కొట్టాడు. గంట విని కావలి మారే వేళయిందనుకుని భటులు తలుపులు తెరిచారు. వాళ్ళ స్థానంలోకి రావలసిన మార్పుదళం కోటలోని కుడుకను నమ్ముకుని ఇంకా పైనే భోంచేస్తోంది. తెరిచిన వాకిట్లోంచి ముసుగు రౌతులు దూసుకొచ్చారు. పన్నెండుమంది భటులు నేలకొరిగారు. వాకిలి పక్క మండపంలో పావురాలకు గింజలు వేస్తున్న ఆరేళ్ళ యువరాజు బాలకేసరి మాయమైపోయాడు.

"పదిహేనుసార్లు మునిగింది, పదిహేను కొట్టినా" అని పేరయ్య మొత్తుకున్నాడు. సభలో కుడుకను పరీక్షించారు. కోటకుడుక పక్కన తేలేస్తే రెండూ ఒక్కసారే మునిగాయి. కుడుకలో దోషం లేకపోతే దోషం మనిషిదే అన్నాడు ఆస్థాన మాంత్రికుడు కంకాళభట్టు. ఆ మర్నాటినుంచే పన్నెండుమంది భటులూ దెయ్యాలై పట్టపగలు వాకిట్లో కనిపించసాగారు. "పేరయ్య రక్తం చూస్తేగాని వాళ్ళు శాంతించరు ప్రభూ" అన్నాడు భట్టు. సంపంగి సభలో అందరి ముందూ నిలబడి, "దెయ్యాల్ని నేనే అడుగుతాను, మూడు రోజులు గడువియ్యండి" అంది. సభంతా నవ్వింది. కొడుకును పోగొట్టుకున్న జయకేసరి మహారాజు మాత్రం నవ్వలేదు. గడువిచ్చాడు.

మొదటి రోజు దెయ్యాలు వచ్చినప్పుడు సంపంగి కళ్ళు మూసుకుంది. ఎందుకు అబద్ధం చెప్పాలి, భయం వేసింది. రెండో రోజు కళ్ళు తెరిచి, ఒక్కొక్కరి ముందూ నిలబడి పేరుపెట్టి పిలిచింది. ఒక్కరూ పలకలేదు. కానీ రెండు సంగతులు ఆమె కంటపడ్డాయి. వాళ్ళు రెండు రోజులూ సరిగ్గా పద్నాలుగో గడియ గంటకే వచ్చారు. వచ్చినంతసేపూ పన్నెండుమందీ కోటనుంచి దిగే మెట్లవైపే చూశారు. చంపడానికి వచ్చినవాళ్ళ చూపు కాదది. ఎవరికోసమో ఎదురుచూసేవాళ్ళ చూపు.

నిన్న సాయంత్రం దళనాయకుడు గుమ్మడన్న ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య పోలమ్మ తలుపు వేసేస్తుందనుకుంది. పోలమ్మ వెయ్యలేదు.

"మీ మామ సంగతి నీకు తెలుసు గదమ్మా" అంది పోలమ్మ ముక్కు చీదుకుంటూ. "జరమొచ్చినా సరే, మార్పు రాందే కావలి దిగేటోడు కాదు, మెతుకు ముట్టేటోడు కాదు. చచ్చి మాత్రం దిగుతాడా?"

అప్పుడు సంపంగికి అర్థమైంది. గుమ్మడన్న పాత తలపాగా, కవచం, ఈటె అడిగి తెచ్చుకుంది.

పైన గరుడశిల మీద జేగంట మోగింది. తప్పు చేసిన గడియలవాడు తన చావుగంట తనే కొట్టుకోవాలని తామ్రగిరిలో ఆనవాయితీ. సంకెళ్ళతో కూర్చుని కొడుతున్నది పేరయ్యే. సంపంగి లెక్కపెట్టింది. పద్నాలుగు. ఈటె బిగించి పట్టుకుని వాకిలివైపు చూసింది.

దెయ్యాలు రాలేదు.

 ఈ ఒక్క రోజూ రాకపోతే? గాలి తిరిగింది. దుమ్ము లేచింది, పడింది. పైనున్న కుడుక ఈపాటికి సగం మునిగి ఉంటుందనిపించేంతసేపు గడిచాక, అప్పుడు వచ్చారు. మండే ఎండలో నీడ లేని పన్నెండుమంది. పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయి. ఒకడి మెడలో బాణం, ఒకడి కవచం కింద ఖాళీ. ముందు గుమ్మడన్న, గుబురుమీసాలతో, రొమ్ములో విరిగిన కత్తితో. వాకిలికి చెరో పక్కా ఆరుగురు బారు తీరి మెట్లవైపు చూడసాగారు.

 సంపంగి మార్పుదళం నడిచినట్టే నడిచి, గుమ్మడన్న ముందు ఈటె మడమ నేలకు తాటించింది.

"మార్పు!" అని అరిచింది.

పన్నెండు తలలూ ఒక్కసారి తిరిగాయి.

"సంకేతం?" గుమ్మడన్న గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

ఏ రోజు సంకేతం ఆ రోజు పొద్దున్నే గడియలవాళ్ళ ఇంటికి వస్తుంది. వాళ్ళు చచ్చిన రోజుది ఆమెకు జ్ఞాపకం ఉంది. "ఉడుముపట్టు."

"సరిపోయె" అన్నాడు గుమ్మడన్న. ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వు పేరయ్య కూతురివి గదా. ఆడపిల్లవి. ఆ కవచం నాది."

"అవును మామా. మీ అత్త... కాదు, మీ ఇంటామె పోలమ్మత్త ఇచ్చింది." భయంలో మాట తడబడితే ఆమెకే చిరాకేసింది. "మగపిల్లలెవరూ రాలేదు. నేనొచ్చినా. నన్ను మార్పుగా ఒప్పుకుంటావా లేదా?"

గుమ్మడన్న మీసం కదిలింది. "సంకేతం చెప్పినోళ్ళను ఒప్పుకోక తప్పదు. కానీ గంట కావాల. నిజమైన మధ్యాన్నపు గంట. మొన్న దొంగగంట విని తలుపు తీసి చచ్చినాం. మళ్ళీ మోసపోము. నిజం గంట మోగేటప్పుడు నువ్వు ఈడ నిలబడుండాల. అప్పుడు అప్పగిస్తా."

"ఆ రోజు ఏం చూశావు మామా? రౌతులెవరు? చిన్నదొర ఎటు పోయినాడు?"

"అది కావలిలో ఉండగా చూసింది. కావలిలో చూసింది అప్పగింతప్పుడే చెప్పాల. మాకూ కట్టుబాటుంది."

సంపంగికి ఏడుపొచ్చినంత పనైంది. గంట మోగితే తండ్రి చస్తాడు. మోగకపోతే ఈయన చెప్పడు. చచ్చినా చట్టం వదలని ఈ మనిషిని ఏం చెయ్యాలి? పళ్ళు బిగించి, ఇంకో దారి వెతికింది.

"కావలిలో చూసింది చెప్పొద్దులే. చచ్చినాక చూసింది?"

గుమ్మడన్న ఆలోచించాడు. పక్కవాడివైపు చూశాడు. మెడలో బాణమున్నవాడు కష్టంగా తలూపాడు.

"చచ్చినాక చూసింది కావలి లెక్కలోకి రాదు" అని ఒప్పుకున్నాడు గుమ్మడన్న. "మేం పడినంక భట్టు వచ్చినాడు. మమ్మల్ని దాటుకుంట మీ నాయన తొట్టి కాడికి పోయినాడు. మీ నాయన మా తలలు ఒళ్ళో పెట్టుకోని ఏడుస్తా ఉన్నాడు, చూడలా. కుడుక అంచుకు కట్టిన నల్లతాడు తెంపినాడు భట్టు. అంతట్లో పైనుంచి దండు దిగె. దొరికినోన్ని దొరికినట్టు గోచీ దాకా వెతుకుతా ఉండ్రి. వాడు భయపడి దాన్ని ఈ సింగం నోట్లో ఏసినాడు. మళ్ళీ తీసుకుందామనుకున్నాడు, మేం లేచినాం. అందరి దెయ్యాల్నీ ఆడించే భట్టుకు, వాడు చంపించిన దెయ్యాలంటే భయం."

నల్లతాడు! సంపంగికి కళ్ళముందు కనిపించింది. ఆ పొద్దున భట్టు స్వయంగా వచ్చి, "అమ్మవారి రక్ష పేరయ్యా, కుడుకకు కట్టుకో" అని ఇచ్చాడు. తండ్రి దాన్ని కళ్ళకద్దుకుని కట్టాడు. దేవుడి రక్షను కట్టడం కూడా ఒక తప్పవుతుందని ఏ గడియలవాడు అనుకుంటాడు? సభలో అన్నీ చెప్పాడుగాని అది చెప్పలేదు. దాచిపెట్టి కాదు, చెప్పవలసిన సంగతి అని తోచక.

బరువు! బరువెక్కిన కుడుక తొందరగా మునుగుతుంది. ఒక్కో మునకలో కాస్త కాస్త దొంగిలించి, మధ్యాహ్నానికి ఒక గడియ మింగేసింది.

మరుక్షణం ఇంకో ఆలోచన తట్టింది. రెండు రోజులూ పద్నాలుగో గంటకే వచ్చిన దెయ్యాలు ఈ రోజు ఆలస్యంగా వచ్చారు. ఆలస్యం వీళ్ళది కాదు. గంటే ముందు మోగింది. దెయ్యాలు నోరు విప్పేలోపే పని ముగించాలని పైన కుడుకకు మళ్ళీ రక్ష కట్టారు!

ఒక గడియ ఉందనుకుంటే సగమైనా లేదు.

సంపంగి తలపాగా లాగి, బట్టను చేతికి మోచేతిదాకా చుట్టుకుని, రాతిసింహం నోట్లోకి చెయ్యి దూర్చింది. లోపల ఏదో కదిలింది. మూరెడు పొడవున్న నల్లజెర్రి, భట్టు తాడుతోపాటే మంత్రించి పెట్టిన కాపలా, ఆమె చేతికి చుట్టుకుని కొరకసాగింది. గుడ్డ కాలిన వాసన వచ్చింది. కోరలు బట్ట దాటి చర్మానికి తగిలి నిప్పు పెట్టినట్టయింది.

"వదలొద్దు!" అన్నాడు గుమ్మడన్న. దెయ్యాలు ముట్టుకోలేవు, మాటసాయం తప్ప చెయ్యలేవు.

"ఎందుకు వదుల్తా!" అంది సంపంగి. వేళ్ళకు తాడు తగిలింది. పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. జెర్రితో సహా చెయ్యి బయటికొచ్చింది. చేతిని రాతికేసి కొట్టి, కింద పడ్డ జెర్రిని ఈటెతో నేలకు గుచ్చింది. పిడికిట్లో నల్లతాడు, తాడుకు ఉసిరికాయంత సీసపుగుండు.

"ఇక్కడే ఉండు మామా, వస్తా" అని మెట్లవైపు పరిగెత్తింది.

"యాడికి పోతాం?" అన్నాడు గుమ్మడన్న.

గరుడశిలకు నూటనలభై మెట్లు. సగంలో చిన్న తోరణం దగ్గర ఇద్దరు భటులు కత్తులు అడ్డం పెట్టి ఉన్నారు. పేరయ్య కూతుర్ని పైకి రానియ్యవద్దని భట్టు ఆజ్ఞ. వాళ్ళకు కనిపించింది పేరయ్య కూతురు కాదు. మిట్టమధ్యాహ్నం వేళ, దెయ్యాలవాకిలి నుంచి, జుట్టు విరబోసుకుని, చేతినిండా రక్తంతో, చచ్చిపోయిన గుమ్మడన్న కవచం తొడుక్కుని, గుమ్మడన్న ఈటె పట్టుకుని ఏదో రొప్పుతూ ఎగబాకుతోంది.

"ఓలమ్మో, గుమ్మడన్న!" అన్నాడొకడు.

రెండోవాడు అనలేదు. అప్పటికే పారిపోయాడు. కత్తులు మెట్లమీదినుంచి టంగుటంగున దొర్లుకుంటూ వచ్చాయి. సంపంగి వాటిమీదినుంచి దూకింది.

గరుడశిల మీద రాజపరివారమంతా నిలబడి ఉంది. వెల్లగొడుగు కింద జయకేసరి మహారాజు ముఖం రాయిలా ఉంది. ఆయన పక్కన ఎర్రపట్టు, ఎముకలదండ, బూడిదరేఖలతో కంకాళభట్టు. కొండ అంచున తొట్టి. తొట్టి ముందు సంకెళ్ళతో పేరయ్య, చేతిలో జేగంట కొట్టే కొయ్యసుత్తి. వెనక ఇద్దరు తలారులు. కుడుక అంచు నీటికి వెంట్రుకవాసి పైన ఉంది. దాని పక్కన నల్లతాడుకు కట్టిన, పసుపు పూసిన కొత్త రక్ష వేలాడుతోంది.

పేరయ్య సుత్తి ఎత్తాడు. చావు ముందు కూడా ఆయన చెయ్యి వణకలేదు. వేళ తప్పితే తన ఏడు తరాలకూ మచ్చ అన్నది ఒక్కటే ఆయన భయం.

సంపంగి ఇద్దరు సామంతుల మధ్యనుంచి తోసుకుని, తొట్టిలో చెయ్యి ముంచి, తేలుతున్న కుడుకను పైకి ఎత్తేసింది.

కెవ్వుమన్నాడు పేరయ్య. "తల్లీ! ఎంత పని చేస్తివే! కుడుకను ముట్టినావా!"

తండ్రి మొహంలో చావుభయం చూడని ఆ పిల్ల, ఈ భయం చూసింది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ముట్టినా నాయనా. నరికితే నరకనీ." రాజువైపు తిరిగింది. "ప్రభూ, కుడుక మధ్యాహ్నమయింది అంటోంది. పైకి చూడండి. ఈ రోజు ముసురు లేదు. సూర్యుడు ఏమంటున్నాడు?"

శిల మధ్య ధ్వజస్తంభం ఉంది. దాని మొదలు దగ్గర మధ్యాహ్నపు గీత చెక్కి ఉంది. జేగంట మోగే ఊళ్ళో నీడలు చూసేవాడెవడు? ఆ గీత అక్కడుందనే అందరూ మరిచిపోయారు. స్తంభం నీడ గీతకు ఇంకా జానెడు దూరంలో ఉంది.

 సంపంగి కుడుకకున్న రక్షను తెంపి, సింహం నోట్లో దొరికినదాన్ని దాని పక్కన పెట్టి, రెండూ రాజు పాదాల ముందు పడేసింది. రెండు నల్లతాళ్ళు. రెండు సీసపుగుండ్లు.

"నాయనా, ఇది ఎవరిచ్చినారు?"

"భట్టుగారే తల్లీ. పొద్దున ఏడో గడియప్పుడు, మంచి లోకాలకు పోతావని కట్టినారు. మొన్న గూడా..." పేరయ్య మాట ఆగిపోయింది. సుత్తి వదిలేసి నుదురు కొట్టుకున్నాడు. "బరువు! అయ్యో నా బుద్ధి! కుడుకకు బరువు కడితినే!"

"భట్టూ" అన్నాడు రాజు. అంతే అన్నాడు. కానీ కత్తి ఒరలోంచి వచ్చేసింది.

కంకాళభట్టు బూడిద చల్లాడు. పొగ కమ్మింది. పొగలోంచి ఎర్రమెడ రాబందు ఒకటి రెక్కలు టపటపలాడిస్తూ లేచి, దక్షిణపు లోయవైపు ఎగిరిపోయింది. వంద బాణాలు దాని వెంట వెళ్ళాయి. ఒక్కటీ తగల్లేదు.

"గుర్రాలు! వాడి వెంట పోనివ్వండి! నా బిడ్డ వాడి దగ్గరే ఉన్నాడు!" అని గర్జించాడు జయకేసరి. రౌతులంతా దక్షిణద్వారం వైపు పరుగెత్తారు. రాజు స్వయంగా పేరయ్య సంకెళ్ళు తీయించి, సంపంగివైపు చూశాడు. "తేలే కుడుకను ముట్టిన చేతికి శిక్ష ఉంది. నా కొడుకు ఇంటికొచ్చాక ఆలోచిద్దాం."

"చిత్తం ప్రభూ" అంది సంపంగి. ఆమె చూపు నీడమీద ఉంది. జానెడు బెత్తెడయింది. "నాయనా, కుడుక వద్దు. నీడ చూసి కొట్టు. గీతకు తగలగానే కొట్టు. వెంట్రుకవాసి ముందూ వద్దు, వెనకా వద్దు."

"నాకు చెప్పాలా తల్లీ?" అన్నాడు పేరయ్య కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. రెండేసి, మూడేసి, చివర పది మెట్లు ఒకేసారి. చెయ్యి మోచేతిదాకా వాచి పోట్లు పొడుస్తోంది. దెయ్యాలు పన్నెండుమందీ అక్కడే ఉన్నారు. సంపంగి గుమ్మడన్న ఎదుట నిలబడి ఈటె తాటించింది. 

పైన జేగంట మోగింది.

ఒకటి. రెండు. మూడు. కొండలు తిరిగి పలికాయి. దెబ్బ దెబ్బకూ గుమ్మడన్న భుజాలు నిటారయ్యాయి. పదమూడు. పద్నాలుగు. ఎవరి నీడ వాళ్ళ పాదాల కింద దాక్కున్న ఆ క్షణంలో, పదిహేను.

"నిజం గంట" అన్నాడు గుమ్మడన్న. నెలనాళ్ళ దుమ్ము ఆ మొహం మీదినుంచి రాలిపోయినట్టయింది.

"మార్పు" అంది సంపంగి. "సంకేతం ఉడుముపట్టు. కావలి అప్పగించు మామా."

"అప్పగిస్తాండా. విను." ఆయన గొంతు భటుడి గొంతయింది. "పన్నెండుమందిమి. తలుపు తీసింది దొంగగంటకి. వచ్చిన రౌతులు ఇరవైమంది. పోయింది గూడా ఇరవైమందే. బిడ్డ వాళ్ళతో పోలేదు."

"పోలేదా?"

"దండంతా ఏడు రాజ్యాలు గాలిస్తా ఉంది గదా? బిడ్డ ఈ వాకిలి దాటలేదు. ఈ సింగం కుడికాలు తిప్పితే కింద మెట్లుండాయి. తిండిమూటలతో సహా ఆడికి దించినారు. కావలిలో చూసింది ఇంతే. ఇంక ఈ వాకిలి నీది."

ఒక్కొక్కడే ఈటె దించాడు. ఒక్కొక్కడే ఎండలో కలిసిపోయాడు. చివర గుమ్మడన్న మిగిలాడు.

"పోలమ్మకు చెప్పు, మార్పు వచ్చిందని. అన్నం తినమను" అన్నాడు. తరువాత అక్కడ ఎండ మాత్రమే ఉంది.

సంపంగి ఒక్కతే నిలబడింది. దక్షిణాన రాజదండు దుమ్ము రేపుకుంటూ రాబందు వెంట దూరమైపోతోంది. కేకేసినా వినపడదు. పైకి వెళ్ళి చెప్పి రావచ్చు. కానీ కావలి అప్పగించుకున్నవాళ్ళు మార్పు రాకుండా వాకిలి విడవరని ఆమెకు ఇప్పుడే ఒక మనిషి నేర్పి వెళ్ళాడు. ఈ మెట్లు ఎంత కిందికి వెళ్ళినా ఈ వాకిలివే.

జారిపోతున్న కవచాన్ని నడుముకు బిగించి కట్టుకుంది. రాతిసింహం కుడికాలు రెండు చేతులా పట్టుకుని, వాచిన చెయ్యి వద్దంటున్నా వినకుండా, తిప్పింది. కింద బండ గరగరమని జరిగింది. చల్లటి గాలి, ఆ గాలిలో పావురాల గింజల వాసన, ఎక్కడో లోతున ఒక పసివాడి సన్నటి ఏడుపు.

"చిన్నదొరా, ఏడవకు" అంది సంపంగి చీకట్లోకి. "మార్పు వచ్చింది."

ఈటె ముందుకు చాచి మొదటి మెట్టు దిగింది.